ఋణపరిమితి, ఋణవిముక్తి: ధర్మశాస్త్రము నుండి దివాలా శాసనము వరకు

తెలుగు పల్లెలలో అక్షరజ్ఞానము లేనివారు సైతము ‘ఐ.పి. పెట్టినాడు’ అను మాటను ఎరుగుదురు. ఇన్సాల్వెన్సీ పిటిషను అను ఆంగ్లపదముల తొలి అక్షరములే ఈ ‘ఐ.పి.’. న్యాయస్థానమున దాఖలుచేయు ఒక దరఖాస్తు యొక్క పేరు నిందావాచకమై, ఎగవేతకు పర్యాయపదమై వాడుకభాషలో స్థిరపడినది. కాని ఆ దరఖాస్తు శాసనము ఋణగ్రస్తునకు ప్రసాదించిన హక్కు. హక్కును తెలుపవలసిన పదము అపకీర్తిని తెలుపునదిగా ఏల మారినది? ఈ ప్రశ్నకు సమాధానమును శాసనచరిత్రయందే కాక, అప్పును గూర్చి మన సమాజమున అనాదిగా నిలిచియున్న భావములయందును వెదకవలసియున్నది.

ఋణగ్రస్తుని రక్షించుటకు రెండు మార్గములు కలవు. అప్పు పెరుగుటకు ఒక హద్దును ఏర్పరచుట మొదటిది. తీర్పశక్యముగాని అప్పునుండి మనుష్యుని విడిపించి, అతడు మరల జీవితమును ప్రారంభించుటకు అవకాశము నిచ్చుట రెండవది. మొదటిదానిని ఋణపరిమితి యనియు, రెండవదానిని ఋణవిముక్తి యనియు ఈ వ్యాసమున వ్యవహరింతును. ధర్మశాస్త్రము పరిమితిని విధించినది, విముక్తిని ఎరుగదు. ఆంగ్లేయ శాసనము విముక్తిని తెచ్చినది, పరిమితిని తొలగించినది. మొదటిది పోయి రెండవది రాకుండిన మధ్యకాలమున తెలుగు రైతు అర్ధశతాబ్దమునకు పైగా నిరాశ్రయుడై నిలువవలసివచ్చెను. ఆ కాలమును, దాని పూర్వాపరములను పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము.

స్మృతులలో ఋణము

మనుస్మృతి పేర్కొన్న పదునెనిమిది వ్యవహారపదములలో ఋణాదానము మొదటిది. వ్యాజ్యములలో అప్పునకు సంబంధించినవి ప్రధానములుగా నుండెననుటకు ఈ క్రమమే సాక్ష్యము. తాకట్టుగల అప్పునకు నెలకు ఎనుబదియవ వంతు, అనగా నూటికి ఒకటింబావు, ధర్మ్యమైన వృద్ధిగా మనువును యాజ్ఞవల్క్యుడును చెప్పిరి. మన ‘వడ్డి’ ఈ ‘వృద్ధి’ శబ్దము యొక్క వికృతియే. తాకట్టులేని అప్పునకు వర్ణక్రమమున నెలకు నూటికి రెండు, మూడు, నాలుగు, అయిదు చొప్పున వారు విధించిరి. అడవులను దాటి వర్తకము చేయువారికి పది, సముద్రయానము చేయువారికి ఇరువది చొప్పున యాజ్ఞవల్క్యుడు నిర్ణయించెను. అపాయము హెచ్చినకొలది వడ్డి హెచ్చునను ఆర్థికసూత్రము ఇందు స్పష్టముగా కానవచ్చుచున్నది. నిమ్నవర్ణమువాడు అధికముగా చెల్లింపవలెననుటలో మాత్రము ఆ సూత్రమునకు మారుగా సామాజిక వైషమ్యమే పనిచేసినది.

వడ్డిరేటుకంటె ముఖ్యమైన నియమము వేరొకటి కలదు. ఒక్కమారుగా వసూలుచేయు వడ్డి అసలును మించరాదనియు, అనగా మొత్తము అసలునకు రెట్టింపు దాటరాదనియు మనువు శాసించెను. ధాన్యము, వస్త్రములు మున్నగువానికి వేరు హద్దులు చెప్పబడినవి. ఈ నియమమే పిమ్మట ‘దామ్‌దుపట్’ అను పేర న్యాయస్థానములలో ప్రసిద్ధి కెక్కినది. ఎంతకాలము గడచినను అప్పు రెండింతలకడ ఆగిపోవలసినదే. ఇది ప్రాచీనులు ఋణగ్రస్తునకు కట్టిన గోడ.

కాని ఆ గోడలోపల అతడు బందీయే. ఉన్నదంతయు అప్పగించినవానిని మిగిలిన బాకీనుండి విడుదల చేయవచ్చునను విధి స్మృతులలో లేదు. ధనహీనుడైన అధమజాతివానిచే ఋణమునకు బదులుగా పని చేయించుకొనవలెననియు, బ్రాహ్మణుడైనచో సంపాదన కలిగినకొలది మెల్లమెల్లగా చెల్లింపవలెననియు యాజ్ఞవల్క్యుడు చెప్పెను. ఒకనికి గడువు, మరియొకనికి చాకిరి. విడుదల ఇరువురకును లేదు. మరణము కూడ ఋణమును రద్దుచేయదు. అప్పు తీర్పక మరణించిన తపస్వి యొక్క తపఃఫలము ఋణదాతకే చెందునని నారదుడు హెచ్చరించెను. తైత్తిరీయ సంహిత చెప్పిన ఋషిఋణము, దేవఋణము, పితృఋణము అను మూడింటి వరుసలోనే లౌకికమైన అప్పు కూడ చేరినది. తీర్పని అప్పు కేవలము వ్యవహారదోషము కాదు, పాపము.

అందుచేతనే తండ్రి అప్పును కుమారులు, పౌత్రులు తీర్పవలెనను విధి ఏర్పడినది. అయినను ఇందు వివేకము లేకపోలేదు. మద్యము, కామము, జూదము మూలముగా తండ్రి చేసిన అప్పులను, చెల్లింపక మిగిల్చిన దండన శుల్కములను, వృథాదానములను కుమారుడు తీర్పనక్కరలేదు. కుటుంబపోషణార్థము చేసినదిగాని, తాను అంగీకరించినదిగాని కానిచో భర్త చేసిన అప్పునకు భార్య బాధ్యురాలు కాదు. స్మృతులలోని విధులన్నియు అక్షరశః ఆచరణలో నుండెనని చెప్పుటకు వీలులేదు. కాని సమాజము దేనిని న్యాయమని తలచినదో గ్రహించుటకు ఇవి చాలును.

ఈ న్యాయభావము సంస్కృతమునకే పరిమితము కాలేదు. కల్యాణీ చాళుక్యుడగు ఆరవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరావ్యాఖ్యను రచించెను. పదుమూడవ శతాబ్దమున, తిక్కనకు దశకుమారచరిత్రమును అంకితమిచ్చిన కేతన, ఆ వ్యాఖ్యను విజ్ఞానేశ్వరీయము అను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. వ్యవహారధర్మము తెలుగున పద్యరూపము దాల్చుట సాహిత్యచరిత్రలో ఒక విశేషముగా మాత్రమే సాధారణముగ పేర్కొనబడుచున్నది. సంస్కృతము రానివారికి కూడ వడ్డి, తాకట్టు, పూచీ, సాక్ష్యము మున్నగు విషయముల ధర్మము తెలియవలెనను అవసరము ఆనాడు గుర్తింపబడినదని దీనివలన ఊహింపవచ్చును.

రక్షణలేని కాలము

ఆంగ్లేయుల ఏలుబడిలో దివాలా శాసనము మొదట వచ్చినది పట్టణములకే. 1828లో ఇంగ్లండు పార్లమెంటు చేసిన శాసనమువలన కలకత్తా, మదరాసు, బొంబాయి నగరములలో ఋణగ్రస్తుల విడుదలకై న్యాయస్థానములు ఏర్పడినవి. 1848లో దానికి మారుగా మరియొక శాసనము వచ్చి 1909 వరకు నిలిచినది. ఇవి వర్తకుల అవసరములను దృష్టియందుంచుకొని పుట్టినవి. ఓడ మునిగినచో, ధరలు పడిపోయినచో వర్తకుడు చెరసాలలో మ్రగ్గుటవలన ఎవరికిని లాభము లేదనియు, ఉన్నదానిని ఋణదాతలకు పంచి అతనిని మరల వర్తకమునకు విడుచుటయే మేలనియు వీని ఆశయము. మదరాసు నగరపు సరిహద్దులను దాటినచో ఈ హక్కు లేదు. గుంటూరు, కడప, విశాఖపట్టణము జిల్లాల రైతునకు సివిలు ప్రొసీజరు కోడులలోని మిక్కిలి పరిమితమైన విడుదలవిధులు తప్ప వేరు దిక్కు లేకుండెను. మొఫసలు ప్రాంతములకు ప్రత్యేకమైన దివాలా శాసనము 1907లో గాని రాలేదు. నగరవాసికిని గ్రామవాసికిని నడుమ అంతరము 79 సంవత్సరములు.

ఇంతలో పరిమితి తొలగిపోయినది. మదరాసు రాజధానిలో 1802 నాటి రెగ్యులేషను వడ్డిని సాలుకు నూటికి 12కు పరిమితము చేసియుండెను. 1855లో వడ్డిశాసనములన్నియు రద్దయినవి. ఇరుపక్షములు ఒప్పుకొన్న వడ్డిని ఇప్పించుటయే న్యాయస్థానముల ధర్మమైనది. దామ్‌దుపట్ నియమమును బొంబాయి రాజధానిలోను, కలకత్తా నగరములోను హిందువుల విషయమున న్యాయస్థానములు పాటించుచు వచ్చినవి. మదరాసు రాజధానిలో పాటింపలేదు. మితాక్షరను పద్యములలో చదువుకొన్న దేశముననే మితాక్షర చెప్పిన హద్దు చెల్లకపోవుట విచిత్రమైన విషయము.

దీనికితోడు కాలపరిమితి శాసనము మరియొక చిక్కును తెచ్చినది. సామాన్యమైన అప్పుపత్రముపై మూడు సంవత్సరములలోగా దావా వేయవలసియుండెను. ఋణగ్రస్తుని రక్షణకై ఏర్పడిన ఈ గడువే అతనికి ఉరియైనది. మూడేండ్లు నిండకముందే ఋణదాత పాతపత్రమును రద్దుచేసి, వడ్డిని అసలులో కలిపి క్రొత్తపత్రము వ్రాయించుకొనసాగెను. నూరు రూపాయల అప్పునకు నెలకు నూటికి రెండు రూపాయల వడ్డి యనుకొందము. మూడేండ్లకు అది 172 రూపాయలు. తిరుగవ్రాసిన పిమ్మట మరి మూడేండ్లకు సుమారు 296. తొమ్మిదవ యేట సుమారు 509. మనువు విధించిన హద్దుచొప్పున ఇది 200 దాటరాదు. పత్రములో చక్రవడ్డి అను మాట ఎచ్చటను లేకుండగనే చక్రవడ్డి నడచుచుండెను.

మహారాష్ట్రమున ఈ స్థితి 1875లో పూనా, అహమదునగరము జిల్లాల రైతుల తిరుగుబాటునకు దారితీసినది. రైతులు వడ్డివ్యాపారుల ఇండ్లపై బడి ప్రాణములకంటె పత్రములను లక్ష్యముగా చేసికొని తగులబెట్టిరి. ఫలితముగా 1879లో దక్కను వ్యవసాయదారుల ఉపశమన శాసనము వచ్చినది. పత్రము వెనుకనున్న లెక్కలను తిరుగదోడుటకు న్యాయస్థానములకు అది అధికారమిచ్చి, డబ్బు డిక్రీక్రింద రైతును ఖైదు చేయరాదని శాసించినది. మదరాసు రాజధానిలో 1876–78 నాటి మహాక్షామము బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను చీకాకుపరచినను అట్టి శాసనము రాలేదు. 1855 నుండి 1907 వరకు గల 52 సంవత్సరములు తెలుగు రైతునకు హద్దులేని అప్పు, విడుదలలేని అప్పు కూడ.

విముక్తి యొక్క స్వరూపము

1907 శాసనమునకు బదులుగా 1920లో ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ శాసనము వచ్చినది. మన ‘ఐ.పి.’ దీనిచలవయే. బాకీలు 500 రూపాయలకు తక్కువకానివాడుగాని, డబ్బు డిక్రీ అమలులో ఖైదుపాలైనవాడుగాని తానే దరఖాస్తు చేసికొనవచ్చును. న్యాయస్థానము అతనిని దివాలాదారుగా ప్రకటింపగనే అతని ఆస్తి న్యాయస్థానమునకుగాని, రిసీవరునకుగాని సంక్రమించును. రిసీవరు దానిని అమ్మి ఋణదాతలకు పాలుచొప్పున పంచును. ప్రకటనకు పూర్వము రెండేండ్లలోపల ప్రతిఫలము లేక బంధువుల పేర వ్రాసిన ఆస్తులు తిరిగి రాబట్టదగినవి. తుదకు విడుదలయుత్తరువు లభించినచో మిగిలిన బాకీలు రద్దగును. ప్రభుత్వపు బాకీలు, మోసముచే చేసిన అప్పులు, మనోవర్తి మాత్రము మిగులును.

ఆదర్శము ఉదాత్తమే. ఆచరణయందు చిక్కులు పెక్కు. ఆస్తి రూపాయికి ఎనిమిదణాలైనను గిట్టనిచో, అది తన తప్పుచే కాదని ఋణగ్రస్తుడు నిరూపించుకొననిదే పూర్తివిడుదల లభింపదు. వర్తకుడైనచో లెక్కలపుస్తకములు సరిగా ఉంచకపోవుటయు ఒక దోషమే. పుస్తకములు, గుమాస్తాలు, న్యాయవాదులు గల వర్తకునకు ఈ మార్గము సుగమము. చేతివ్రాత రానివానికి, జిల్లాకోర్టు ముఖమెరుగనివానికి దుర్గమము. కనుక పల్లెవాని కంటికి ఐ.పి. అనగా పలుకుబడిగలవాడు ఆస్తిని భార్యపేరనో బావమరదిపేరనో మార్చి అప్పు ఎగవేయుటగనే తోచినది. పదము యొక్క అపకీర్తికి ఇది ఒక కారణము. అప్పు పాపమను ప్రాచీనభావము రెండవ కారణము. పాపమును రాజశాసనము ఎట్లు మాపగలదు?

ఆ ప్రాచీనభావము న్యాయస్థానములలోనికి కూడ ప్రవేశించినది. తండ్రి చేసిన అధర్మ్యముకాని అప్పునకు కుమారుల ఉమ్మడియాస్తి వాటాలు సైతము బాధ్యములని ప్రీవీ కౌన్సిలు 1874లో గిరిధారీలాలు వ్యాజ్యమున తీర్మానించెను. పారలౌకికమైన ధర్మము ఇట్లు ఇహలోకపు జప్తుహక్కుగా మారినది. స్మృతికారుడు కుమారుని పితృభక్తిని దృష్టియందుంచుకొనెను. న్యాయస్థానము ఋణదాత వసూలును దృష్టియందుంచుకొనెను. ఈ బాధ్యత 2005 హిందూ వారసత్వ సవరణ శాసనముతో, ఆ సంవత్సరము సెప్టెంబరు 9 పిమ్మటి అప్పుల విషయమున, తొలగిపోయినది.

ఖైదు విషయమునను మార్పు మెల్లగానే వచ్చినది. డబ్బు డిక్రీక్రింద స్త్రీలను ఖైదుచేయుట 1888లో నిషేధింపబడినది. చెల్లింపగలిగియు చెల్లింపనివానిని మాత్రమే ఖైదుచేయవలెనను నియమము 1936లో చేరినది. వంటపాత్రలు, పడకలు, కట్టుబట్టలు, చేతిపనివాని పనిముట్లు, రైతు నాగలి, ఎద్దులు, నివాసగృహము, మతాచారముచే స్త్రీ విడువరాని ఆభరణములు జప్తుకు లోబడవని సివిలు ప్రొసీజరు కోడు చెప్పుచున్నది. మంగళసూత్రము ఇట్లు శాసనరక్షణ పొందినది. దారిద్ర్యము కారణముగా మాత్రమే ఋణగ్రస్తుని చెరసాలయందుంచుట రాజ్యాంగము ఇరువదియొకటవ అధికరణమునకు విరుద్ధమని 1980లో జాలీ జార్జి వర్గీసు వ్యాజ్యమున సుప్రీంకోర్టు స్పష్టపరచినది. ఆ తీర్పును వ్రాసినవారు జస్టిసు వి. ఆర్. కృష్ణయ్యరు.

పరిమితి పునరాగమనము

1930 ప్రాంతమున ధాన్యపు ధరలు పడిపోయినపుడు రైతు చెల్లింపవలసిన రూపాయలు మారలేదు, ఆ రూపాయలకు అమ్మవలసిన బస్తాలు హెచ్చినవి. 1937లో చక్రవర్తి రాజగోపాలాచారి నాయకత్వమున ఏర్పడిన మంత్రివర్గము మరుసటియేట మదరాసు వ్యవసాయదారుల ఉపశమన శాసనమును తెచ్చెను. 1938 మార్చి 22న అది అమలులోనికి వచ్చెను. 1932 అక్టోబరు 1కి పూర్వపు అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డి రద్దయినది. అసలు, వడ్డి కలిపి అసలునకు రెట్టింపు చెల్లించియున్నచో అప్పు సంపూర్ణముగా తీరినట్లే. నూరు రూపాయలు తెచ్చి 150 వడ్డిగా కట్టినవాడు 50 మాత్రమే బాకీ. 60 కట్టినవాడు అసలు నూరు మాత్రమే బాకీ. తిరుగవ్రాసిన పత్రముల విషయమున మొదట చేతికిచ్చిన మొత్తమే అసలుగా గ్రహింపబడినది.

ఈ లెక్కలోని రెట్టింపు మనకు క్రొత్త కాదు. 1855లో వెడలగొట్టబడిన దామ్‌దుపట్ 83 సంవత్సరములకు పిమ్మట శాసనసభామార్గమున తిరిగివచ్చినది. వచ్చునపుడు వర్ణభేదమును విడిచి వచ్చినది. కాని వేరొక భేదమును తెచ్చుకొన్నది: భూమిపై హక్కుగాని, కౌలుగాని ఉన్నవాడే వ్యవసాయదారుడు. భూమిలేని కూలికిని, చేతిపనివానికిని ఇందు చోటులేదు. ఆ కొరత తీరుటకు ఆంధ్రప్రదేశమున చిన్నరైతులు, వ్యవసాయకూలీలు, గ్రామీణ చేతిపనివారల కొరకు 1977లో వచ్చిన ఋణవిమోచన శాసనము వరకు వేచియుండవలసివచ్చెను.

భూమిలేనివాని అప్పు పత్రముమీదకంటె శరీరముమీద ఎక్కినది. తెలంగాణమున భగేలా, ఇతర ప్రాంతములలో పాలేరుతనము అను పేర్లతో అప్పుకు బదులు ఏండ్లతరబడి చాకిరి చేయుట సాగినది. ధనహీనునిచే పని చేయించుకొనవచ్చునన్న స్మృతివాక్యము ఇట్లు ఇరువదవ శతాబ్దము వరకు జీవించినది. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన శాసనము తాను రద్దుచేయు పద్ధతులను పేరుపేరున చెప్పుచు భగేలా, జీతా, పాలేరు, వెట్టి అను మాటలను పేర్కొన్నది. ఆ మాటలు శాసనమున కెక్కినది తమ మరణశాసనము కొరకే. అట్టి చాకిరికి మూలమైన అప్పును తీర్పవలసిన బాధ్యతయే ఆ శాసనముచే నశించినది. దరఖాస్తు లేకుండ, లెక్కలపుస్తకము లేకుండ, అత్యంత దరిద్రునకు లభించిన ఋణవిముక్తి ఇది.

ఇటీవలి పరిణామములు

2010లో సూక్ష్మఋణ సంస్థల వసూలుపద్ధతులపై ఆంధ్రప్రదేశమున తీవ్రమైన ఆందోళన చెలరేగినది. అక్టోబరులో ఆర్డినెన్సు, 2011లో శాసనము వచ్చినవి. వడ్డిరూపమున అసలును మించి వసూలు చేయరాదని ఆ శాసనము చెప్పినది. మనువు, 1938, 2011: ఒకే హద్దు మూడవమారు. అయినను రిజర్వుబ్యాంకువద్ద నమోదైన బ్యాంకింగేతర సంస్థలకు ఈ శాసనము వర్తింపదని తెలంగాణ హైకోర్టు 2023లో తీర్పు చెప్పినది. రాష్ట్రశాసనము కట్టిన గోడకు కేంద్రాధికారము ద్వారమైనది.

విముక్తిమార్గమున 2016 నాటి దివాలా స్మృతి ముఖ్యమైనది. వార్షికాదాయము 60,000 రూపాయలకు, ఆస్తి 20,000 రూపాయలకు, అర్హమైన అప్పు 35,000 రూపాయలకు మించక, సొంతయిల్లు లేనివారికి సులభమైన విడుదలపద్ధతిని అది కల్పించినది. గడచిన శాసనములన్నిటికంటె ఇది పేదవానికి సమీపమైనది. కాని వ్యక్తులకు సంబంధించిన భాగము 2019 డిసెంబరు 1 నుండి కంపెనీల అప్పులకు పూచీపడినవారి విషయమున మాత్రమే అమలులోనికి తేబడినది. 1828లో వర్తకునకు ముందు లభించిన హక్కు గ్రామమునకు ఆలస్యముగా వచ్చిన రీతిని ఇది జ్ఞప్తికి తెచ్చుచున్నది.

ఉపసంహారము

పై పరిశీలనవలన మూడు విషయములు తేలుచున్నవి. ఋణపరిమితి ఈ దేశమున పరాయిభావము కాదు. దానిని తొలగించుటయే నూతనమైన మార్పు, పునఃస్థాపించుట పూర్వధర్మమును పునరుద్ధరించుట. ఋణవిముక్తి మాత్రము వర్తకుని అవసరమునకై పరదేశమున పుట్టి ఇచ్చటికి వచ్చినది. అది పల్లెకు చేరినప్పుడెల్ల ఆలస్యముగను, అరకొరగను చేరినది. రెండును ఏకకాలమున ఉన్నపుడే ఋణగ్రస్తునకు నిజమైన రక్షణ. హద్దు మాత్రమే యున్నచో అప్పు తరతరములకు సాగును. విడుదల మాత్రమే యున్నచో దానిని చేరుటకు శక్తిగలవారికే అది దక్కును.

మన భాషలో బాకీ, జప్తు అరబ్బీనుండి, దస్తావేజు పారసీనుండి, ప్రోనోటు ఆంగ్లమునుండి వచ్చినవి. వడ్డి సంస్కృతభవము, అప్పు అచ్చతెలుగు. బంధమును తెలుపు మాటలు ఇన్ని దిక్కులనుండి చేరినను, విడుదలను తెలుపుటకు నిందలేని వాడుకమాట ఒక్కటియు నేటికిని స్థిరపడలేదు. ‘ఐ.పి.’ అను మాట యొక్క దుష్కీర్తి భాషాదోషము కాదు. ఆ హక్కు దానిని కోరదగినవానికి అందలేదనుటకు భాష పలికిన సాక్ష్యము. శాసనము పేదవాని ముంగిటికి చేరిననాడు ఆ పదము యొక్క అర్థము కూడ మారకపోదు.